అయ్యకోనేరు దగ్గరి కౌన్సెలింగ్ కేంద్రం: నా అనుభవం

విజయనగరం అయ్యకోనేరు గట్టుకు దగ్గరలో, మందుల దుకాణం పై అంతస్తులో ఉందీ కేంద్రం. అక్కడి మేడమ్ అనుసరించే పద్ధతి ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్. దీన్ని 1980లలో అమెరికాకు చెందిన కుటుంబ చికిత్సకుడు రిచర్డ్ ష్వార్ట్జ్ రూపొందించారు. మన మనసులో అనేక భాగాలుంటాయి, చెడ్డ భాగమంటూ ఏదీ లేదు అన్నది దీనికి మూలం. కొన్ని పాత గాయాలను మోస్తాయి, కొన్ని ఆ గాయాలు బయటపడకుండా కాపలా కాస్తాయి.

నా విషయమే చెబుతాను. తరగతిలో గలగలా పాఠం చెప్పే నాకు హెడ్మాస్టారు పిలిస్తే గొంతు పెగలదు. ఆ పిరికితనాన్ని తిట్టుకోవడమే నాకు అలవాటు. మేడమ్ తిట్టనివ్వలేదు. "మీ గొంతు పట్టుకున్నది ఎవరో వారినే అడగండమ్మా, మీరు మాట్లాడితే ఏమవుతుందని భయమో" అన్నారు. చాలాసేపటికి నాలోంచి జవాబు వచ్చింది: నోరు తెరిస్తే నాన్న కంచం ముందునుంచి లేచి వెళ్లిపోతారు. తొమ్మిదేళ్ల పిల్ల భయం అది! ఆ పిల్లను ఇన్నాళ్లూ కాపాడుతూ వచ్చిన మౌనం మీద నాకు కోపం పోయింది. ఇప్పుడు హెడ్మాస్టారి గదిలో రెండు మాటలైనా సూటిగా చెప్పగలుగుతున్నాను.

నిద్ర పట్టడం లేదంటే మానసిక వైద్యునికి చూపించుకోమని ఆవిడే పంపారు. అందుకే నమ్మకం మరింత పెరిగింది.

గదుల మధ్య ఉన్నది పలుచని చెక్క గోడ. పక్కవారి ఏడుపు వినిపిస్తుంది. ఇలాంటి చోట అది అసలు తగదు, వెంటనే మార్చాలి. ఫీజు గంటకు 800 రూపాయలు. బొబ్బిలి, గజపతినగరం వైపు నుంచి వచ్చేవారు ముందుగా ఫోను చేసి రండి, శనివారాలు ఖాళీ దొరకదు.