బాల్డర్స్ గేట్ 3లో పాత్ర తయారీ: రెండేళ్లకు పైగా ఆడాక

బాల్డర్స్ గేట్ 3 అనే రోల్-ప్లేయింగ్ వీడియో గేమ్ పీసీ మీదకి వచ్చింది 2023 ఆగస్టులో. అప్పటి నుంచి ఆరు పాత్రలు చేశాను, మూడింటిని చివరిదాకా నడిపాను. కథ గురించి, ఫైట్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఈ సమీక్ష మొదటి స్క్రీన్ గురించి మాత్రమే. మన పాత్రను మనమే తయారుచేసుకునే ఆ చోట చాలామంది ముఖం దగ్గర రెండు గంటలు కూర్చుంటారు, బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) దగ్గర రెండు సెకన్లు కూడా ఆగరు. చేయాల్సింది సరిగ్గా తిరగేసి.

ముఖం తర్వాతైనా మారుతుంది. మూడో ప్యాచ్ (అప్‌డేట్) వచ్చాక క్యాంపులో ఒక మాయా అద్దం ఉంటోంది. జుట్టు, ముఖం, ఒంటి రంగు అక్కడ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. క్లాసూ (యోధుడా, మాంత్రికుడా అన్నది), ఎబిలిటీ పాయింట్లూ (బలం, తెలివి లాంటివాటి అంకెలు) కూడా అంతే, క్యాంపులో ఉండే విథర్స్ అనే పాత్ర చేతిలో 100 బంగారు నాణేలు పెడితే సరి. జాతి, బ్యాక్‌గ్రౌండ్ మాత్రం ఎన్ని నాణేలిచ్చినా మారవు. అసలు పాత్ర ఉండేది ఆ రెండింట్లోనే.

జాతి సంగతి ఒక్క చోటుతో చెప్తాను. గాబ్లిన్ల శిబిరానికి డ్రౌ (నేలమాళిగల్లో బతికే ఎల్ఫ్ జాతి) పాత్రతో వెళ్తే కాపలావాళ్లు జంకి దారి వదులుతారు. అదే మనిషి పాత్రయితే గేటు దగ్గరే మాటతోనో పాచికతోనో (ప్రయత్నం ఫలించిందో లేదో ఆటలో తేల్చేది అదే) కత్తితోనో తేల్చుకోవాలి. చేసిన పని ఒకటే, పుట్టుకను బట్టి ఎదుటివాళ్ల మర్యాద మారిపోతుంది. కొత్త ఊళ్లో పేరు, యాస విని మనిషిని అంచనా వేసే చూపు తెలిసినవాళ్లకి ఈ ఆట అక్కడ గట్టిగా తగులుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ రెండు నైపుణ్యాలిస్తుంది. దానికి తగ్గ పనులు చేసినప్పుడు ఇన్‌స్పిరేషన్ కూడా ఇస్తుంది. అది నాలుగు వరకు దాచుకోవచ్చు, ఒక్కోదానితో ఓడిన పాచికను మళ్లీ వేయొచ్చు. మాటకారి పాత్ర కావాలంటే గిల్డ్ ఆర్టిజన్ తీసుకోండి, పర్సుయేషన్ (ఒప్పించడం), ఇన్‌సైట్ (ఎదుటివాళ్ల మనసు పసిగట్టడం) వస్తాయి. అబద్ధాలతో బతికే పాత్రయితే షార్లటన్. మొదటిసారి చేసేవాళ్లు క్లాసుకి పనికొచ్చేదేదో చూసి ఎంచుకుంటారు. "వీడు ఇంతకుముందు ఏం చేసి పొట్ట పోసుకునేవాడు?" అని అడిగి ఎంచుకుంటే పాత్ర అరవై గంటల తర్వాత కూడా చప్పబడదు.

ఎబిలిటీలకు 27 పాయింట్లు. ఒక్కోటి 8 నుంచి 15 దాకా పెంచుకోవచ్చు, పైన ఒకదానికి +2, ఇంకోదానికి +1. పాచికకు కలిసే బోనస్ సరిసంఖ్య దగ్గరే పెరుగుతుంది, కాబట్టి 16కీ 17కీ ఒకటే, +3. ఈ లెక్క చూడకుండా బేసి సంఖ్యలు వదిలేసి పాయింట్లు పోగొట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. 17 పెట్టారంటే నాలుగో లెవెల్‌లో దాన్ని 18 చేసే ఫీట్ (కొన్ని లెవెల్స్ దగ్గర ఎంచుకునే అదనపు సామర్థ్యం) ముందే అనుకుని ఉండాలి. కరిజ్మా (మాటతో, తీరుతో ఆకట్టుకునే గుణం) మీద నడిచే పాత్రకి యాక్టర్ ఫీట్ సరిగ్గా అతుకుతుంది: కరిజ్మా ఒకటి పెరుగుతుంది, డిసెప్షన్ (అబద్ధమాడటం), పర్ఫార్మెన్స్ (ప్రదర్శన)లలో ప్రొఫిషియన్సీ బోనస్ (నైపుణ్యం ఉన్నందుకు పాచికకు కలిసేది) రెట్టింపవుతుంది.

ఇక ముఖం. ముక్కునీ దవడనీ సాగదీసే స్లైడర్లు ఇందులో లేవు, తయారుగా ఉన్న తలల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. నాకిది లోటుగా అనిపించదు. స్లైడర్లతో చెక్కిన ముఖం కట్‌సీన్‌లో నవ్వగానే వంకరపోతుంది, ఈ తలలు చెదరవు. కానీ ఆ స్క్రీన్ మీద పడే వెలుగుని నమ్మొద్దు. చామనఛాయ అక్కడ ఒకలా, సముద్రపు ఒడ్డు ఎండలో ఇంకోలా, రాత్రి క్యాంపు మంట దగ్గర మరోలా కనిపిస్తుంది. ఆట మొదట్లో వచ్చే ఓడ ఘట్టం దాటి ఒడ్డు చేరాక ఒకసారి చూసుకుని, తర్వాత అద్దం దగ్గర సరిచేసుకోండి. చవక టీఎన్ ప్యానెల్ మానిటర్ అయితే తల పక్కకి వంచినా రంగు మారిపోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో మానిటర్ కొనేటప్పుడు ఆన్ చేయించి పక్కనుంచి చూడండి, పక్కనుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ ప్యానెల్ తీసుకోండి.

ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చింది మౌనం. సంభాషణల్లో మన పాత్ర నోరు తెరిచి చెప్పదు, మనం వాక్యం ఎంచుకుంటాం అంతే. సైబర్‌పంక్ 2077 ఆటలో మనం ఆడే పాత్ర వీ ప్రతి మాటా పైకే పలుకుతుంది. నటన గొప్పగా ఉంటుంది, కానీ ఆ గొంతు మనది కాదు. ఇక్కడ రాసున్నది ఇంగ్లీషే అయినా మనసులో అది "పోరా, నీతో నాకేంటి" అని తెలుగులో మోగుతుంది. పాత్రకి తెలుగు పేరు పెట్టడానికి వెనకాడొద్దు. సొంతంగా చేసుకున్న పాత్రను ఆటలో ఎవరూ పేరుపెట్టి పైకి పిలవరు, కాబట్టి ఉచ్చారణ పాడయ్యే భయం లేదు.

పాత్ర మన మీద ఎంత పనిచేస్తుందో 2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ ప్రయోగంలో తేలింది: పొడుగు అవతారం ఇచ్చినవాళ్లు బేరంలో మరింత గట్టిగా నిలబడ్డారు. వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నలిగి, మీటింగుల్లో "సరే సార్" అని ఊరుకునేవాళ్లకి ఎదురు మాట్లాడే పాత్ర ఎంత ఊరటో నాకు తెలుసు. అందుకే ఒక సలహా. అన్నింట్లోనూ మీకు పూర్తి వ్యతిరేకంగా చేయకండి, ఒక్క గుణం మార్చండి. నా ఆరింట్లో మధ్యలో వదిలేసిన మూడూ అన్నీ మార్చి చేసినవే. వాటి నోట ఏ మాట పెట్టాలో ప్రతిసారీ వెతుక్కోవాల్సి వచ్చింది. పాచిక ఓడిన ప్రతిసారీ ఎఫ్8 నొక్కి పాత సేవ్‌కి వెనక్కి వెళ్లడం కూడా మానేయండి. ఎప్పుడూ ఓడని పాత్రకి స్వభావం ఏర్పడదు.

ఆట దాదాపు 150 జీబీ, ఎస్ఎస్‌డీ తప్పనిసరి. 100 ఎంబీపీఎస్ లైనులో ఎంత లేదన్నా మూడు గంటలు పైన పడుతుంది, పీజీ వైఫై అయితే అందరూ పడుకున్నాక పెట్టండి.

ఎక్కడ ఆపాలో తెలియక తెల్లవారిపోయేవాళ్లకి లాంగ్ రెస్ట్ (పాత్ర క్యాంపులో రాత్రంతా పడుకోవడం) మంచి గీత. మామూలు కష్టస్థాయిలో దానికి 40 క్యాంపు సరుకులు (తిండి) కావాలి, ట్యాక్టీషియన్ అనే కఠిన స్థాయిలో 80. రాత్రి క్యాంపులో తోటివాళ్లతో మాటలన్నీ ముగించి, పాత్రను పడుకోబెట్టి, తెల్లారగానే ఎఫ్5తో సేవ్ చేసి సిస్టమ్ కట్టేయండి. మర్నాడు తెరిస్తే పాత్ర నిద్రలేచి, నిండు ప్రాణంతో, మంత్రాలన్నీ సిద్ధంగా పెట్టుకుని నిలబడి ఉంటుంది.