ముందు పేపరా, ముందు పేటెంటా? మన యూనివర్సిటీల్లో పరిశోధన చేసేవాళ్ళకు ఏది మేలు

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో గానీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీలో గానీ ల్యాబులో కొత్త ఫలితం వస్తే స్కాలరుకూ గైడుకూ ముందుగా గుర్తొచ్చేది జర్నలే. ఉద్యోగమైనా ప్రమోషనైనా పేపర్లు చూసే ఇస్తారు కాబట్టి ఆ తొందర సహజం. అయితే పేపర్ వచ్చేశాక పేటెంట్ (కనిపెట్టినదాన్ని కొన్నేళ్ళపాటు ఇతరులు చేసి అమ్ముకోకుండా ఆపే హక్కు) సంగతి అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు, ఆలస్యమైపోయిందనే. అందుకని ఏది మేలో పని నడుస్తుండగానే తేల్చుకోవాలి.

రెండు దారులకూ మన దగ్గరే ఉదాహరణలున్నాయి. నల్లగొండ ఫ్లోరైడ్ బాధ దేశమంతటికీ తెలిసిందే. 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, ఫ్లోరైడ్‌ను మడ్డితో పాటు అడుక్కు దించే పద్ధతిని తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. వివరాలన్నీ పరిశోధన పత్రాల్లో ఉన్నాయి. ఇంట్లో బకెట్లో చేసుకోవచ్చు, ఊరి ట్యాంకు స్థాయికి పెంచుకోవచ్చు. కెన్యా, టాంజానియా దాకా వెళ్ళింది. పటిక మోతాదు కుదరకపోతే ఫలితం ఉండదు, నీళ్ళలో అల్యూమినియం మిగిలే ప్రమాదముంది, మడ్డిని ఎక్కడ పోయాలన్నది మరో తలనొప్పి. ఈ లోపాలను దేశదేశాల పరిశోధకులు పట్టుకుని సరిచేయాలని చూశారంటే, పద్ధతి అందరి ముందూ ఉండటమే కారణం.

రెండో ఉదాహరణ ఆసు యంత్రం. ఆసు పోయడమంటే చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో చుట్టడం. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసీ పోసీ భుజాలు నొప్పితో బాధపడిన తన తల్లి కోసం దీన్ని చేశారు. చీర చీరకూ వేలసార్లు చెయ్యి తిప్పాల్సిన పనిని యంత్రానికి అప్పజెప్పారు. దానికి పేటెంట్ వచ్చింది, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రమన్నాక ఎవరో ఒకరు డబ్బు పెట్టి తయారుచేయాలి, అమ్మాలి, చెడిపోతే బాగుచేయాలి. హక్కు చేతిలో లేకపోతే ఆ పెట్టుబడి పెట్టడానికి ముందుకొచ్చేవాళ్ళు తక్కువ.

నా లెక్క దీన్నిబట్టే. మీ పేపర్ చదివినవాళ్ళు బజార్లో దొరికే వస్తువులతో సొంతంగా చేసుకోగలిగితే, వాళ్ళు చేసుకోవాలనే మీరూ కోరుకుంటే పేపర్ మేలు. ఫ్యాక్టరీ, పెట్టుబడి, కొన్నేళ్ళ ట్రయల్స్ ఉంటే తప్ప జనానికి చేరని వస్తువైతే పేటెంట్ మేలు. కొత్త ఫిల్టర్ పొర, సెన్సార్, మందు అణువు ఇలాంటివన్నీ రెండో కోవలోకే వస్తాయి.

రెండూ కావాలంటే కుదురుతుంది, వరుస మాత్రం తప్పకూడదు. మన 1970 నాటి పేటెంట్ చట్టం ప్రకారం దాఖలు చేసే రోజుకు ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, అంటే లోకానికి తెలిసి ఉండకూడదు. మీ సొంత పేపరే మీకు అడ్డం పడుతుంది. కాన్ఫరెన్స్ పోస్టర్, అందరూ చూసే వీడియో, శోధ్‌గంగలో (థీసిస్‌లను అందరికీ అందుబాటులో ఉంచే ఆన్‌లైన్ భాండాగారం) పెట్టిన థీసిస్ కూడా అంతే. 31వ సెక్షన్ కింద 12 నెలల వెసులుబాటు ఒకటుంది. అది ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలకూ, విద్వత్ సంఘాల ముందు చదివిన పత్రాలకూ, ఆ సంఘాలు ప్రచురించే సంచికలకూ పరిమితం. మామూలు జర్నల్లో వేసి దాన్ని నమ్ముకుంటే ప్రమాదమే. అమెరికాలో ఏడాది గడువు దొరుకుతుంది గానీ యూరప్‌లో ఆ దయ దాదాపు లేదు.

దీనికి మందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు. పని ఇంకా పూర్తికాకపోయినా, చేసింది వివరంగా రాసి దాఖలు చేస్తే ఆ తేదీ మీదవుతుంది, కొత్తదా కాదా అన్నది ఆ తేదీని బట్టే చూస్తారు. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, విద్యాసంస్థలకు ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. 12 నెలల్లో పూర్తి దరఖాస్తు ఇవ్వాలి. ఈలోగా పేపర్ నిశ్చింతగా పంపుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: పేపర్లో చెప్పబోయేదంతా ప్రొవిజనల్‌లో ఉండాలి. రెండు పేజీల్లో పైపైన రాసి పడేస్తే, అందులో లేని భాగానికి ఆ తేదీ వర్తించదు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి, ఆన్‌లైన్‌లో వేయొచ్చు కాబట్టి రైలెక్కే పని లేదు.

ఇక డబ్బు, ఓపిక సంగతి. దాఖలు చేసినంత మాత్రాన ఎవరూ పరిశీలించరు. 2024లో మారిన నిబంధనల ప్రకారం 31 నెలల్లోపు పరీక్ష కోరుతూ వేరే ఫీజు కట్టాలి. ఆ తర్వాత అభ్యంతరాలు, జవాబులు. క్లెయిములు (హక్కు దేని మీదో, ఎంతవరకో చెప్పే వాక్యాలు) రాయడానికి మంచి పేటెంట్ ఏజెంట్ కావాలి, అసలు ఖర్చు అక్కడే. దాఖలు తేదీ నుంచి 20 ఏళ్ళు హక్కు ఉంటుంది. మూడో ఏడాది నుంచి లెక్కకట్టి రెన్యూవల్ ఫీజులు కడుతూ ఉండాలి, మానేస్తే పోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దరఖాస్తు వేసిన 18 నెలలకు పేటెంట్ ఆఫీసు దాన్ని తన సొంత జర్నల్లో ప్రచురిస్తుంది. అది 'పబ్లిష్డ్' మాత్రమే. హక్కు వచ్చేది 'గ్రాంట్' అయ్యాకే. ప్రమోషన్ పాయింట్ల కోసం పబ్లిష్ అయితే చాలనుకుని, ఎవరో తయారుచేసిన దరఖాస్తులో డబ్బిచ్చి పేరు చేర్చుకోవడం విద్యావ్యవస్థకు చేటు. ఆలోచనలో నిజంగా పాలుపంచుకున్నవాళ్ళే ఆవిష్కర్తలు. రాత్రింబగళ్ళు ప్రయోగం చేసి అందులో తన ఆలోచన పెట్టిన విద్యార్థి పేరు వదిలేసి, గదిలోకే రాని పెద్దల పేర్లు పెడితే ఆ పేటెంట్ చట్టపరంగానూ బలహీనమే.

కొన్ని పరిశోధనలకు పేటెంట్ తలుపే లేదు. విత్తనాలు, మొక్కలు అందులోకి రావు. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆముదం మీద జరిగే లాంటి పనికి 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం ఉంది. పంటలకు 15 ఏళ్ళు, చెట్లకు 18 ఏళ్ళు రక్షణ. రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవచ్చు. మన మెట్ట రైతుకు ఇదే మేలైన చట్టమని నా నమ్మకం. యాప్ రాసినవాళ్ళకు కాపీరైట్ ఎలాగూ ఉంటుంది, ఉత్త ప్రోగ్రామ్‌కు పేటెంట్ రాదు. వస్తువు ఆకారమే కొత్తదైతే డిజైన్ రిజిస్ట్రేషన్ చాలు, 10 ఏళ్ళు, ఆపైన మరో 5. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలకున్న భౌగోళిక గుర్తింపు ఏ ఒక్క పరిశోధకుడిదీ కాదు, అక్కడ నేసేవాళ్ళందరిదీ. రహస్యంగా దాచుకోవడం కంపెనీలకు కుదురుతుందేమో, థీసిస్ బయటపెట్టాల్సిన విద్యార్థికి కుదరదు.

అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మూలికా జ్ఞానం మీద పనిచేసే ఫార్మసీ, బోటనీ వాళ్ళ పరిస్థితి వేరు. తరతరాలుగా తెలిసిన జ్ఞానానికి మన చట్టం పేటెంట్ ఇవ్వదు. 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రం పరిశోధకులకు పసుపుతో గాయాలు మాన్పడంపై పేటెంట్ ఇస్తే, మన సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) పాత గ్రంథాల ఆధారాలు చూపి 1997లో దాన్ని రద్దు చేయించింది. రాతలో ఉండటమే అక్కడ కాపాడింది. అలాగని చెంచుల దగ్గర విన్నదాన్ని వాళ్ళను అడగకుండా అచ్చువేయడం న్యాయం కాదు. ముందు వాళ్ళ అనుమతి, వాటా తేల్చాలి. అడవి మొక్కతో కొత్త మందు చేసి పేటెంట్‌కు వెళ్తే జీవవైవిధ్య చట్టం నిబంధనలూ వర్తిస్తాయి.

చివరిగా, హక్కు ఎవరిది? అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో జరిగిన పరిశోధనకు 1980 నాటి బే-డోల్ చట్టం దారి చూపిస్తుంది, హక్కును పరిశోధన చేసిన యూనివర్సిటీ తన దగ్గరే ఉంచుకోవచ్చంటుంది. మన దగ్గర అలాంటి బిల్లు 2008లో పార్లమెంటుకు వచ్చింది, తర్వాత వెనక్కి తీసుకున్నారు. కాబట్టి యూనివర్సిటీ పాలసీ, ప్రాజెక్టు డబ్బిచ్చిన సంస్థ షరతులు, మీ నియామక పత్రం, ఈ మూడే నిర్ణయిస్తాయి. స్కాలర్లు చేరిన నెలలోనే ఆ పాలసీ కాపీ అడిగి తీసుకోవాలి. అందులో రాబడి వాటా ఎంత, విద్యార్థికి ఏం వస్తుంది, యూనివర్సిటీ ఫీజు కట్టకపోతే హక్కు మీకు తిరిగి ఇస్తుందా అన్నది చూడాలి. పాలసీ లేదంటే గైడుతో కలిసి రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. కంపెనీవాళ్ళు ల్యాబ్ చూడటానికి వస్తున్నారంటే, ప్రొవిజనల్ వేసే దాకా ఆపండి, లేదా గోప్యత ఒప్పందం మీద సంతకం చేయించుకున్నాకే చూపించండి.