నేతల భేటీయా, ఉమ్మడి ఫ్యాక్టరీయా, చుట్టాల రాకపోకలా: శత్రు దేశాల మధ్య ఏది మేలు?

ఏళ్ల తరబడి మాటల్లేని రెండు పొరుగు దేశాలు మళ్లీ దగ్గరవ్వాలంటే ముందు ఏం జరగాలి? అధినేతలు చేతులు కలపాలా? కలిసి ఏదైనా వ్యాపారం మొదలుపెట్టాలా? లేక సరిహద్దుకు అటూ ఇటూ చిక్కుకుపోయిన కుటుంబాలను ముందు కలవనివ్వాలా? మూడూ కావాలనడం తేలికే. కానీ ఏ ప్రభుత్వానికైనా దొరికే గడువు తక్కువ, జనం ఓపిక ఇంకా తక్కువ. దేని మీద ఎక్కువ బలం పెట్టాలో తేల్చుకోక తప్పదు. రెండు కొరియాలు ఈ మూడు దారులూ తొక్కాయి. మూడో దారిలో రెండు జర్మనీలు వాటికంటే చాలా దూరం వెళ్లాయి.

ముందు నేతల భేటీ సంగతి. 2000 జూన్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడు కిమ్ దే జుంగ్ ప్యాంగ్యాంగ్ వెళ్లి ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఇల్‌ను కలిశారు. దేశం రెండయ్యాక ఇరువైపుల అధినేతలు ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ ఏడాదే కిమ్ దే జుంగ్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ భేటీకి ముందు కోట్ల డాలర్లు గుట్టుగా ఉత్తరానికి చేరాయని 2003లో దర్యాప్తులో తేలింది. 2018 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్, ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పన్‌మున్‌జోమ్ సరిహద్దు గీతను అటూ ఇటూ దాటారు. ఆ దృశ్యం చూసి కళ్లు చెమర్చని కొరియన్లు తక్కువ. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఉత్తర కొరియాలోని కేసాంగ్‌లో ఉమ్మడి సంప్రదింపుల ఆఫీసు తెరిచారు. 2019 ఫిబ్రవరిలో హనోయ్‌లో ట్రంప్, కిమ్ చర్చలు బెడిసికొట్టాయి. 2020 జూన్‌లో ఉత్తర కొరియా ఆ ఆఫీసునే పేల్చేసింది.

భేటీలు వద్దని కాదు. ఒక్కడి మాటే చట్టమైన దేశంలో పైనుంచి కబురు రానిదే గేటు తెరిచే అధికారి ఉండడు. కానీ అంతా ఇద్దరి మీదే నిలబడినప్పుడు వాళ్లలో ఒకరి మనసు మారినా, పదవి పోయినా కింద పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఉమ్మడి వ్యాపారం అంతకంటే గట్టిది. 2004లో ఉత్పత్తి మొదలైన కేసాంగ్ పారిశ్రామిక వాడలో పెట్టుబడి దక్షిణానిది, కూలీలు ఉత్తరం వాళ్లు. ఒక దశలో 50 వేల మందికి పైగా అక్కడ పనిచేశారు. చేతికి నగదు బోనస్ ఇచ్చే వీలు లేక కంపెనీలు చాకో పైలు (చాక్లెట్ పూసిన కేకు బిళ్లలు) పంచేవి. కార్మికులు వాటిని తినకుండా దాచి తీసుకెళ్తే ఉత్తరాది సంతల్లో అవి మంచి ధరకు అమ్ముడయ్యేవి. రెండు ప్రభుత్వాల ప్రకటనలు చేయలేని పరిచయాన్ని ఆ బిళ్లలు చేశాయని నేను నమ్ముతాను. 2010లో దక్షిణ కొరియా యుద్ధనౌక మునిగి 46 మంది నావికులు చనిపోయినా, అదే ఏడాది దక్షిణాది యోన్‌ప్యాంగ్ దీవి మీద ఉత్తరం గుండ్లు పడినా ఆ వాడ మూతపడలేదు. కానీ జీతాల డబ్బు ఉత్తర ప్రభుత్వం గుండానే వెళ్లేది, అది ఆయుధాలకు పోతోందన్న అనుమానం ఎప్పుడూ తీరలేదు. అణు పరీక్ష, రాకెట్ ప్రయోగం తర్వాత 2016 ఫిబ్రవరిలో దక్షిణమే దాన్ని నిలిపేసింది. సియోల్‌లో మామూలు ఓటరు ఇంట్లో ఆ మూతతో ఆగిపోయిన పని ఏమీ లేదు. నా దృష్టిలో దాని బలహీనత అదే.

ఇక చుట్టాలు. కొరియాలో 2000 నుంచి 2018 దాకా 21 విడతల్లో కుటుంబాల కలయికలు జరిగాయి. విడతకు సుమారు వంద కుటుంబాలు, అదీ లాటరీలో పేరొస్తేనే. 50, 60 ఏళ్ల తర్వాత తల్లీ కొడుకూ, అన్నా చెల్లీ రెండు మూడు రోజుల్లో కొన్ని గంటలు కలిసి కూర్చుంటారు, తర్వాత ఎవరి బస్సు వాళ్లది. ఆపైన జాబు ఉండదు, ఫోన్ ఉండదు. దక్షిణంలో పేరు నమోదు చేసుకున్నవాళ్లు 1.3 లక్షలకు పైనే. వాళ్లలో ఎక్కువమంది కన్నుమూశారు.

బెర్లిన్‌లో ఏం జరిగిందో దీని పక్కన పెట్టి చూడాలి. 1961 ఆగస్టులో ఆ నగరం తూర్పు, పశ్చిమాల మధ్య గోడ లేచింది. 1963 డిసెంబర్‌లో, విల్లీ బ్రాంట్ పశ్చిమ బెర్లిన్ మేయర్‌గా ఉండగా, క్రిస్మస్ పండగకు పశ్చిమం వాళ్లు తూర్పున ఉన్న బంధువులను చూసి వచ్చేలా ఒక ఒప్పందం కుదిరింది. ఊళ్ల పేర్లు, ఆఫీసుల పేర్లు, హోదాల పేర్లు ఏమని రాయాలో కూడా ఇద్దరికీ కుదరలేదు. కుదరలేదన్న మాటే ఒప్పంద పత్రంలో రాసి సంతకాలు పెట్టారు! ఒకరినొకరు గుర్తించాలా వద్దా అన్న పెద్ద తగాదాను అలాగే ఉంచి, పండగకు అమ్మను చూసిరావడం ఎలా అన్నది మాత్రం తేల్చుకున్నారు. మూడు వారాలు కూడా నిండకుండానే దాదాపు 12 లక్షల సందర్శనలు జరిగాయి. మరుసటి ఏడాది తూర్పు జర్మనీ తన పింఛనుదారులను పశ్చిమానికి వెళ్లనిచ్చింది. 1972లో రెండు దేశాల మధ్య పొరుగు సంబంధాలు నెరపుకోవడానికి మౌలిక ఒప్పందం కుదిరింది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1974లో, అప్పటికి పశ్చిమ జర్మనీ చాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయిన బ్రాంట్ పక్కనే తూర్పు గూఢచారి దొరికాడు, బ్రాంట్ చాన్సలర్ పదవి పోయింది. అయినా రాకపోకలు ఆగలేదు. ఆ ఒప్పందాలను గట్టిగా వ్యతిరేకించిన పక్షం 1982లో గద్దెనెక్కింది. అదే పక్షం 1983లో తూర్పుకు వంద కోట్ల మార్కుల అప్పు ఇప్పించింది, 1987లో తూర్పు జర్మనీ అధినేత హోనెకర్‌కు పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌లో స్వాగతం పలికింది. లక్షల ఇళ్లకు అలవాటైన దారిని మూసేయడం ఓట్లు అడిగేవాడికి అంత సులువు కాదు.

ఈ దారి తూర్పు నియంతృత్వానికి డబ్బిచ్చి ఆయుష్షు పోసిందన్న విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. పైగా రెండు జర్మనీలు ఒకదానితో ఒకటి యుద్ధం చేయలేదు, కొరియాలో లక్షల మంది చనిపోయారు, ఇప్పుడు అణ్వాయుధాలు కూడా వచ్చాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా నా ఓటు రాకపోకలకే, అదీ లాటరీలో వందమందికి కాదు, దరఖాస్తు పెట్టుకున్న ప్రతివాళ్లకూ దక్కే రాకపోకలకు.

మన దగ్గర భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఇలాంటివి ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. రెండు దేశాల మధ్య నడిచిన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ రైలు 2019లో ఆగింది. పంజాబ్ సరిహద్దులోని అట్టారి గేటు, పాకిస్తాన్‌లోని గురుద్వారాకు సిక్కు యాత్రికులు వెళ్లే కర్తార్‌పూర్ దారి 2025లో మూశారు. మిగిలినవాటిలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి పౌరుల, జాలర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 మేలో రెండు సైన్యాలూ తలపడ్డాక కూడా జూలైలో ఆ జాబితాలు చేతులు మారాయి. దీని విలువ ఉత్తరాంధ్ర తీరానికి బాగా తెలుసు. 2018లో గుజరాత్ పడవల్లో కూలికి వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన జాలర్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇళ్లకు చేరారు. శిక్ష పూర్తయినా జైళ్లలో ఉండిపోతున్న ఇలాంటివాళ్ల కోసం రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో 2007లో ఒక కమిటీ ఏర్పాటైంది. అది మళ్లీ జైళ్లకు వెళ్లి ఖైదీలను చూడటం మొదలుపెట్టాలి. అందుకు ఏ ప్రధానీ ఏ ప్రధానితోనూ ఫొటో దిగనక్కర్లేదు.