బాల్కనీలో అల్లం పెంచే కిట్: సంచికి మంచి మార్కులు, విత్తనానికి సున్నా

ఏప్రిల్ వచ్చిందంటే బెంగళూరు మిద్దెతోటల వాళ్లకు అల్లం గుర్తొస్తుంది. లాల్‌బాగ్ దగ్గర సిద్ధాపుర నర్సరీలకు వెళ్లి అన్నీ విడివిడిగా కొనే ఓపిక లేని వాళ్ల కోసమే ఈ రూ. 950 కిట్. డబ్బాలో ఉండేవి ఇవి: 18 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తున్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) సంచులు రెండు, 5 కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మ, 2 కిలోల వర్మీకంపోస్ట్, పావుకిలో వేపపిండి, 200 గ్రాముల విత్తన అల్లం, ఒక కరపత్రం.

సంచుల ఎంపిక బాగుంది. అల్లం దుంప లోతుకు దిగదు, పక్కలకు పాకుతుంది. కాబట్టి పొడుగాటి కుండీ కన్నా ఇలాంటి వెడల్పు సంచే దానికి సుఖం. కుట్టు గట్టిగా ఉంది, నీళ్లు పోయే రంధ్రాలు అడుగునే ఉన్నాయి. నేల మీద నేరుగా పెడితే అవి మూసుకుపోతాయి, కింద రెండు ఇటుకలు పెట్టాలి.

కరపత్రం దగ్గరికొస్తే మాత్రం, అల్లం అంటే తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుందన్న సామెతే గుర్తొస్తుంది. అందులో 'హైబ్రిడ్ అల్లం' అని రాశారు. గింజ కట్టని పంట, దుంప ముక్కలతోనే పెరిగే పంట, దానికి హైబ్రిడ్ ఎక్కడిది? రియో డి జనీరో అనో, మహిమ అనో, వరద అనో రకం పేరు రాస్తే చాలు. 'సంచికి 3 కిలోల దిగుబడి' అన్నది ఇంకో వింత. హెక్టారుకు 1500 కిలోల విత్తనం వేసిన రైతుకే 15 నుంచి 20 టన్నులు వస్తే మంచి పంట. అంటే పది నుంచి పదమూడింతలు. సంచికి 100 గ్రాములు నాటి కిలో తీసినా గొప్పే.

అసలు లోపం విత్తనంలో ఉంది. గాలాడని పాలిథిన్ కవర్లో పెట్టి పంపడంతో దుంపలకు చెమట పట్టి, కోసిన చోట తెల్లటి బూజు కనిపిస్తోంది. సగం ముక్కలకు కన్నే (మొలకెత్తే మొగ్గే) లేదు. దీనికన్నా కేఆర్ మార్కెట్లో ముదురు అల్లం ఏరుకోవడం మేలు. తొక్క బిగుతుగా, మెరుస్తూ ఉండాలి, కన్ను లేతపసుపు రంగులో ఉబ్బి ఉండాలి, నొక్కితే మెత్తబడకూడదు. రెండు కన్నులుండేలా 30, 40 గ్రాముల ముక్కలు కోసి, లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ (బూజు తెగుళ్ల మందు) కలిపిన ద్రావణంలో అరగంట ఉంచి, కోత ఆరేదాకా నీడలో పెట్టాలి. కోసిన వెంటనే తడి మట్టిలో పెడితే మొలక రాకముందే కుళ్లుతుంది.

కోకోపీట్ దిమ్మ నానితే 60 లీటర్ల పైనే పొట్టు వస్తుంది. డికాషన్ రంగులో దిగే మొదటి నీళ్లలో ఉప్పు ఉంటుంది. రెండు మూడు సార్లు కడిగి పిండాలి. కరపత్రం చెప్పినట్టు రెండు సంచులూ దాంతోనే నింపేస్తే సెప్టెంబరు, అక్టోబరు వానలకు అడుగంతా స్పాంజిలా నీళ్లు పట్టేస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, పొట్టు ఒకటి, వర్మీకంపోస్ట్ ఒకటి, సంచికి వంద గ్రాముల వేపపిండి. ఈ లెక్కన కిట్‌లోని కంపోస్ట్ ఒక్క సంచికే చాలదు, ఇంకో పది కిలోలు కొనాల్సిందే.

ముందు 6 అంగుళాలే నింపి, కన్ను పైకి ఉండేలా 5 సెంటీమీటర్ల లోతున నాటాలి. మిగిలిన 3 అంగుళాలు తర్వాత మట్టి ఎగదోయడానికి. నాటిన 45, 90 రోజులకు కంపోస్ట్ కలిపిన మట్టి వేయాలి. దుంప బయటపడితే పచ్చబడి ఎదగడం ఆగిపోతుంది. కరపత్రంలో ఈ ముక్కే లేదు! మొలక రావడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. అంతవరకూ మట్టి చెమ్మగా ఉంటే చాలు. ఉదయపు ఎండ మంచిదే కానీ, పడమటి బాల్కనీలో మాత్రం 50 శాతం షేడ్‌నెట్ కట్టాలి.

అడుగు ఆకులు కొసల నుంచి పసుపుబారి, కాండం మొదలు నీరుపట్టి, పట్టుకోగానే ఊడివస్తే అది దుంపకుళ్లు. ఆకులు ముడుచుకుని కంచు రంగుకు తిరిగితే వేరే అనుమానం రావాలి. కాండం ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కోత నుంచి పాలలాంటి సన్నటి తీగ దిగితే బ్యాక్టీరియా ఎండుతెగులు. మందు లేదు, సంచి మట్టితో సహా పారేయాల్సిందే.

చట్నీకి, టీకి లేత అల్లం ఆరో నెల నుంచే అంచున వేలితో తవ్వి తీసుకోవచ్చు. మొత్తం పంట 8, 9 నెలలకు ఆకులు ఎండాకే తవ్వాలి, రెండు వారాల ముందే నీళ్లు ఆపాలి. సంచి మళ్లీ వాడొచ్చు, కానీ అదే మట్టిలో అల్లం, పసుపు, టమాటా, వంగ, మిరప వద్దు. తోటకూర చల్లుకోండి.

మూడు మార్కులకు ఒకటిన్నర, అవీ సంచులకే. అవి విడిగా దొరికితే కిట్ జోలికి వెళ్లక్కర్లేదు.