మానేయడమా, మార్చుకోవడమా? పదమూడేళ్ళ పిల్లల బరువు విషయంలో ఏది మేలు?

పోయిన శ్రావణమాసంలో మా అమ్మాయి స్కూల్ బ్యాగు ఉతుకుదామని తీస్తే, అడుగున పాలిథిన్ కవర్లో చుట్టిన నాలుగు ఇడ్లీలు బయటపడ్డాయి. రెండు రోజుల కిందటివి. జిగురు పట్టి పులిసిపోయి ఉన్నాయి. దానికప్పుడు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. అంతకు మూడు వారాల ముందు నుంచీ "రాత్రికి వద్దమ్మా, ఆకలిగా లేదు" అంటుంటే చదువు టెన్షన్ అనుకున్నాను. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే ఏడ్చేసింది. ఏదో పెళ్ళిలో చుట్టాలావిడ ఒకరు "ఏంటే, ఇంత లావైపోయావు" అన్నారట, అందరి ముందూ. ఆ రోజు నుంచే పొద్దున టిఫిన్ దాచేయడం, రాత్రి అన్నం మానేయడం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క కొడుకు బరువు గురించి వాళ్ళింట్లోనూ దిగులు పడుతున్నారు. వాడు తొమ్మిదో తరగతి. అక్క మాత్రం వాడి చేత ఏదీ మానిపించలేదు. ఇంట్లో వంట మార్చింది, వాడి సాయంత్రాలు మార్చింది. అలా రెండు దారులూ దగ్గరగా చూశాను. ఎదిగే పిల్లల్ని పెట్టుకుని ఇదే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రుల కోసం, చదవగలిగితే ఆ పిల్లల కోసం కూడా, తెలుసుకున్నది రాస్తున్నాను.

తగ్గాలా, ఆగితే చాలా?

మా ఇంట్లో మంచం కింద ఒక బరువు మిషన్ ఉండేది. మా అమ్మాయి రోజుకు మూడుసార్లు దాని మీద ఎక్కి దిగుతోందని తర్వాత తెలిసింది. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ముందు ఎత్తు కొలిచారు. తర్వాత బరువు చూసి, లెక్క వేసి, ఒక చార్టు మీద పెన్నుతో చుక్క పెట్టారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు 5 నుంచి 18 ఏళ్ళ పిల్లల కోసం 2015లో తయారుచేసిన చార్టు అది. పెద్దవాళ్ళకైతే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, ఇంత దాటితే ఎక్కువ అని ఒకే అంకె చెప్తారు. పిల్లలకు అలా కుదరదు. పదేళ్ళ పిల్లకు ఎక్కువ అనిపించే అంకె పదహారేళ్ళ పిల్లకు మామూలే కావచ్చు. అందుకే చార్టులో వయసుతో పాటు పైకి వంగే గీతలుంటాయి. పెద్దవాళ్ళ 23కి సమానమైనది ఒకటి, 27కి సమానమైనది ఇంకొకటి. మొదటిది దాటితే అధిక బరువు, రెండోది దాటితే స్థూలకాయం.

మా అమ్మాయి చుక్క మొదటి గీతకు కాస్త పైన పడింది. "దీన్ని తగ్గించే పని పెట్టుకోకండి. ఇక్కడ ఆగితే చాలు, మిగతాది ఎత్తు సర్దుతుంది" అన్నారు డాక్టరుగారు. ఆడపిల్లలు రజస్వల అయ్యాక కూడా సాధారణంగా ఇంకో ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. మగపిల్లలకు ఎదుగుదల ఊపు ఆడపిల్లల కంటే దాదాపు రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది కాబట్టి మా అక్క కొడుక్కి ఇంకా బోలెడు ఎత్తు మిగిలే ఉంది. పైగా ఈ వయసులో ఆడపిల్లలకు తుంటి దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరడం శరీరం తన పని తాను చేసుకోవడమే. ఈ మాట మా అమ్మాయికి డాక్టరు నోటి నుంచి వినబడటం చాలా మేలు చేసింది.

కాబట్టి మిషనా, చార్టా అంటే చార్టే. మిషన్ అటకెక్కింది. మూడు నెలలకోసారి డాక్టరు దగ్గర చూపిస్తే సరిపోతుంది. ఇంట్లో మాత్రం గుమ్మానికి పెన్సిల్‌తో ఎత్తు గీతలు గీస్తున్నాం. ఎత్తు కొలవడం మా అమ్మాయికీ ఇష్టమే.

పూట మానేయడమా, పళ్ళెం మార్చడమా?

మానేయడంలో ఒక ఆకర్షణ ఉంది. మొదటి వారంలోనే మిషన్ మీద అంకె దిగుతుంది. ఆ దిగేదాంట్లో చాలావరకు నీరే. తర్వాత ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. పొద్దున ఇడ్లీ తినని పిల్ల సాయంత్రం ఐదింటికి స్కూల్ నుంచి వచ్చి, బూట్లైనా విప్పకుండా మిక్చర్ ప్యాకెట్ మొత్తం నిలబడే ఖాళీ చేసేది. తర్వాత దానికే సిగ్గేసి రాత్రి మళ్ళీ మానేసేది. మర్నాడు మళ్ళీ అదే. తిండి మీద దానికి అదుపు లేక కాదు. ఆకలితో మాడ్చిన ఒళ్ళు అలాగే తిరగబడుతుంది.

ఈ వయసు అవసరం ఎంతో తెలిస్తే భయమేస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఓ మోస్తరుగా ఆడిపాడే 13–15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు దాదాపు 2,400 కేలరీలు కావాలి, మగపిల్లాడికి 2,860. ఇంట్లో పని చేసుకునే నాకంటే నా కూతురికే ఎక్కువ అవసరం! కాల్షియం 1,000 మిల్లీగ్రాములు, ఆడపిల్లలకు ఇనుము 30 మిల్లీగ్రాములు కావాలి. ఇక 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అసలే ఇంత లోటున్న చోట రోజుకో పూట మానేస్తే ఆ లోటు రక్తంలో, ఎముకల్లో, జుట్టులో, నెలసరిలో కనబడుతుంది. పిల్లలు డైటింగ్ మొదలుపెడితే తర్వాత్తర్వాత బరువు పెరిగే ప్రమాదం, తిండికి సంబంధించిన మానసిక జబ్బులు వచ్చే ప్రమాదం రెండూ ఎక్కువవుతాయని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో హెచ్చరించింది కూడా.

ఇక అక్క ఏం చేసిందో చూడండి. మన పళ్ళెంలో మొదట పడేది అన్నం. కొండంత అన్నం మధ్య గుంట చేసి గరిటెడు పప్పు, పక్కన చెంచాడు వేపుడు. అక్క ఈ వరస తిప్పేసింది. ముందు పళ్ళెంలో సగం దాకా కూర, బీరకాయో దొండకాయో తోటకూరో. తర్వాత గట్టి పప్పు లేదా గుడ్డు. మిగిలిన చోట అన్నం. ఆఖర్న పెరుగు. ఇంకా ఆకలేస్తే మళ్ళీ వడ్డిస్తుంది, అదీ ఇదే వరసలో. "చాలు" అని వాడే అనాలి కానీ తను అనదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల్లో చెప్పిందీ దాదాపు ఇదే. పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి, బియ్యం గోధుమల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదు అంది. వేపుళ్ళ బదులు ఇగురు కూరలు ఎక్కువ చేయడంతో వాళ్ళింట్లో నూనె కూడా దానంతటదే తగ్గింది.

సాయంత్రం బిస్కెట్ల డబ్బా ఉండే చోట ఇప్పుడు ఉడకబెట్టిన వేరుశెనగకాయలో, సెనగ గుగ్గిళ్ళో, జామకాయలో ఉంటున్నాయి. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింక్ సీసా లేదు, మజ్జిగ ఉంది. ఒక్క 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వాడికని వేరే వంట లేదు. షుగరున్న బావగారూ, సన్నగా ఉండే చెల్లెలూ అదే తింటారు. అందుకని వాడికి శిక్ష వేసినట్టు అనిపించలేదు. బిర్యానీ కూడా ఆగలేదు, ఆదివారం వండుతారు, పక్కన పెరుగు చట్నీ, కీరా ముక్కలు ఎక్కువగా పెడతారు.

నాకైతే ఇందులో రెండో ఆలోచన లేదు. ఎదిగే పిల్లలకు మార్చడమే మేలు. మానేయడం వాళ్ళు అడిగినా ఒప్పుకోవద్దు.

అన్నమా, చపాతీయా?

మనిళ్ళలో బరువు మాటెత్తగానే "రాత్రికి చపాతీలు చేయి" అంటారు. 100 గ్రాముల బియ్యం, 100 గ్రాముల గోధుమపిండి తీసుకుంటే శక్తిలో పెద్ద తేడా ఏమీ లేదు. రెండూ 320–360 కేలరీల మధ్యే. ముడి గోధుమపిండిలో పీచు, మాంసకృత్తులు కాస్త ఎక్కువ, అంతే. నాలుగు చపాతీలు నూనె వేసి కాల్చి, ఆలుగడ్డ కూరతో తింటే తగ్గింది ఏమీ లేదు. గిన్నెడు కూరతో, పప్పుతో తినే అన్నం దానికంటే మేలు. మా అమ్మాయికి చపాతీ సహించదు, అందుకే అన్నమే ఉంచాను. రాగిజావ మాత్రం చేర్చాను. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది కాబట్టి ఎముకల కోసం, బరువు కోసం కాదు. తేనె నిమ్మరసం కొవ్వును కరిగించదు, తేనె కూడా చక్కెరే. బరువు తగ్గించే పొడులు, వాట్సాప్‌లో అమ్మే మాత్రలు పిల్లల దరిదాపులకు రానివ్వకండి.

జిమ్మా, ఆటా?

మా అక్క కొడుకు జిమ్‌లో చేరతానని పట్టుబట్టాడు. బరువులెత్తితే ఎత్తు పెరగరని మన దగ్గర ఒక భయం ఉంది. పక్కన తెలిసినవాళ్ళుండి, తేలిక బరువులతో, పద్ధతిగా చేయిస్తే ఆ భయం అక్కర్లేదు. కానీ వాణ్ణి తీసుకెళ్ళిన చోట మొదటి రోజే ప్రోటీన్ పొడి డబ్బా చేతిలో పెట్టబోయారు. ఆ వయసు మగపిల్లాడికి రోజుకు కావలసినవి 45 గ్రాముల మాంసకృత్తులు. రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, గ్లాసు పాలు, పెరుగు, గుప్పెడు వేరుశెనగలు, తినే అన్నం కలిస్తే అవి ఇంట్లోనే వచ్చేస్తాయి. అక్క వాణ్ణి వెనక్కి తీసుకొచ్చేసింది. ఇప్పుడు వాడు అపార్ట్‌మెంట్ పిల్లలతో సాయంత్రం షటిల్, ఆదివారం కబడ్డీ ఆడుతున్నాడు. ఏడాదిగా ఆపలేదు. జిమ్ అయితే రెండు నెలలు వెళ్ళేవాడేమో.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని, అందులో వారానికి మూడు రోజులు కండలకు, ఎముకలకు బలం ఇచ్చేవి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. తాడాట, ఖోఖో, కబడ్డీ, మెట్లెక్కడం అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

ఇక్కడ ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. మా అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడు మా అత్తయ్య చిమ్మిలి ఉండలు, మినప సున్నుండలు చేసి నెలంతా పెట్టారు. ఆ ప్రేమను నేను తప్పుపట్టను, నువ్వుల్లో కాల్షియం ఉంది, మినుముల్లో మాంసకృత్తులున్నాయి. కానీ అదే నెలలో సైకిల్ మూలన పడింది. వీధిలో ఆట ఆగిపోయింది. స్కూల్లో పీటీ పీరియడ్‌ను లెక్కల పీరియడ్ చేశారు. తిండి పెరిగిన నెలలోనే కదలిక పోయింది, ఆ లెక్క ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తర్వాత ఏడాదికి దానికి లావు అని పేరు పెట్టాం. అది నాకిప్పటికీ బాధ. ఇప్పుడు మేడ మీద తాడు కట్టి నేనూ అదీ షటిల్ ఆడతాం. సైకిల్ టైర్లకు గాలి కొట్టించాను. చుట్టుపక్కల ఇంకో ఇద్దరు ఆడపిల్లలు కలిస్తే దాని ఆట ఇంకా బాగుంటుంది, అందుకని వాళ్ళ అమ్మలతో మాట్లాడాను.

ఐదింటికి వాకింగా, నిద్రా?

ట్యూషన్ అయ్యి, హోంవర్క్ చేసి పిల్లలు పడుకునేసరికి పదకొండు. వాళ్ళను ఐదింటికి లేపి వాకింగ్‌కి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. మొదట్లో నేనూ అదే చేశాను. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది, మర్నాడు తీపి మీదికి, వేపుడు మీదికి మనసు పోతుంది. నిద్ర కోసి చేసే వాకింగ్ కంటే నిద్రే మేలు. ఆట సాయంత్రానికి పెట్టుకోవచ్చు. మేం చేసిన పనల్లా రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కి పెట్టేయడమే, నాదీ, వాళ్ళ నాన్నదీ సహా.

ఇంట్లో సర్దుకుంటే చాలా, డాక్టరు కావాలా?

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా అవుతుంటే అది మురికి కాదు, రుద్దకండి. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. నెలసరి గతి తప్పడం, గురక, మోకాళ్ళ నొప్పులు ఉన్నా, ఎత్తు పెరగడం ఆగి బరువు మాత్రమే పెరుగుతున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ పరీక్ష అవసరమో కాదో ఆయన చెప్తారు.

అంతకంటే తొందరగా వెళ్ళాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తిండి దాచేయడం, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకోవడం, నెలసరి ఆగిపోవడం, ఎప్పుడూ చలిగా ఉందనడం, కళ్ళు తిరిగి పడటం, అద్దం ముందు ఏడవడం. వీటిలో ఏది కనబడినా "మంచిదే, తగ్గుతోంది" అనుకోవద్దు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మనసు విప్పి మాట్లాడే మనిషి కూడా కావాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ప్రభుత్వానిదే, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ ఇడ్లీలు దొరికిన రోజున నాకు ఆ నంబరు తెలియదు, తెలిసుంటే ఆ రాత్రే చేసేదాన్ని.