క్రూజ్ ఓడ మధ్యలో మొరాయిస్తే ఏ కంపెనీ మేలు?

వేసవి సెలవులకి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్ బుక్ చేసుకుందామనుకునే మనవాళ్లు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. శాకాహారం దొరుకుతుందా అన్నది ఒకటి. దొరుకుతుంది, బుక్ చేసేటప్పుడే చెప్పి పెట్టుకోండి, అంతే. రెండోది అంత తేలికగా తేలేది కాదు: నడిసముద్రంలో ఓడ చెడిపోతే ఏ కంపెనీ బాగా చూసుకుంటుంది?

పోయినేడాది దాకా నేనూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. అమ్మానాన్నలతో వెళ్లిన ఏడు రాత్రుల ట్రిప్పులో మూడో రోజు కెప్టెన్ మైకులో "చిన్న సాంకేతిక సమస్య, వేగం తగ్గిస్తున్నాం" అన్నాడు. ఓడ ఆగలేదు, కరెంటు పోలేదు, బఫే తెరిచే ఉంది. కానీ చూడాల్సిన మూడు ఊళ్లలో ఒకటి ఎత్తేశారు, ఇంకోదాంట్లో రెండు గంటలే ఆపారు. చివరికి చేతికొచ్చింది ఆ ఎత్తేసిన ఊరి పోర్టు ఫీజు, ఓడలోనే ఖర్చుపెట్టుకోవడానికి కాస్త క్రెడిట్. మా నాన్న ఆ కాగితం చూసి, "బస్సు చెడిపోతే డ్రైవరు టీ ఇప్పించినట్టుంది" అన్నారు. కంపెనీ పేరు చెప్పను గానీ, ఆ తర్వాత మళ్లీ బుక్ చేసే ముందు పాత సంఘటనలన్నీ కూర్చుని చదివాను.

ఓడ పూర్తిగా చచ్చుబడిపోయిన కేసులతో మొదలుపెడతాను. అందరికీ గుర్తుండేది కార్నివాల్ కంపెనీ ఓడ ట్రయంఫ్. 2013 ఫిబ్రవరి 7న గాల్వెస్టన్ నుంచే బయల్దేరింది. 10వ తేదీ తెల్లవారుజామున ఒక జనరేటర్ దగ్గర ఇంధనం గొట్టం లీకై మంట లేచింది. మంట ఆర్పారు గానీ ఓడంతా కరెంటు పోయింది. ఆ టాయిలెట్లు గాలితో లాగే రకం, కరెంటు లేకపోతే పనిచేయవు. 3,000 మందికి పైగా ప్రయాణికులు ఎర్ర ప్లాస్టిక్ సంచులతో, డెక్ మీద పరుపులతో రోజులు గడిపారు. మొదట మెక్సికోలోని ప్రోగ్రెసోకి లాక్కెళ్తామన్నారు. ఈలోగా ప్రవాహానికి ఓడ ఉత్తరానికి కొట్టుకుపోయింది. దానికితోడు సుమారు 900 మంది దగ్గర పాస్‌పోర్టులు లేవు. దాంతో అమెరికాలోనే, అలబామాలోని మొబైల్ అనే ఊరి రేవుకి టగ్ బోట్లతో లాక్కొచ్చారు. 14వ తేదీ రాత్రి గాని రేవు చేరలేదు. అక్కణ్ణుంచి మళ్లీ బస్సులు.

డబ్బు విషయంలో మాత్రం కార్నివాల్‌ని తప్పుపట్టలేం. మొత్తం రీఫండ్, అంతే విలువకి ఇంకో క్రూజ్, ఓడలో పెట్టిన ఖర్చుల్లో చాలావరకు వాపసు, ప్రయాణ ఖర్చులు ఇస్తామంది. ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే తలకి 500 డాలర్లు అదనంగా ప్రకటించింది. అప్పటికే టీవీ హెలికాప్టర్లు ఓడ మీద చక్కర్లు కొడుతున్నాయని గుర్తుంచుకోండి. 2010 నవంబరులో ఇదే కంపెనీ ఓడ స్ప్లెండర్ మెక్సికో తీరాన ఇలాగే ఆగిపోతే, అమెరికా నేవీ విమానవాహక నౌక రొనాల్డ్ రీగన్ తిండి సరుకులు మోసుకొచ్చింది. అప్పుడూ రీఫండ్, ఇంకో క్రూజ్ ఇచ్చారు.

వైకింగ్ కంపెనీ ఓడ వైకింగ్ స్కై కథ వేరు. 2019 మార్చి 23న నార్వేలోని హుస్టాడ్‌విక దగ్గర, తుఫానులో, రాళ్ల తీరానికి దగ్గరగా ఇంజన్లు ఆగిపోయాయి. నాలుగు జనరేటర్లలో ఒకటి ముందే పాడై ఉంది. మిగతావాటి ట్యాంకుల్లో లూబ్ ఆయిల్ (ఇంజన్ భాగాలు ఒరుసుకోకుండా వేసే నూనె) తక్కువగా ఉండడంతో, ఓడ ఊగేసరికి నూనె అందక ఆగిపోయాయి. ఓడలో ఉన్న 1,373 మందిలో 479 మందిని హెలికాప్టర్లతో ఒక్కొక్కరిగా పైకి లాగారు. ఎక్కువమంది పెద్దవాళ్లే. మర్నాడు ఓడ మోల్డే చేరేసరికి కంపెనీ అధిపతి టోర్‌స్టైన్ హాగెన్ స్వయంగా అక్కడికి వచ్చాడు. పూర్తి రీఫండ్, ఉచితంగా ఇంకో క్రూజ్ అన్నారు. తర్వాత మర్యాద బాగానే ఉంది, కానీ నూనె చూసుకోవాల్సింది బయల్దేరక ముందు కదా.

రాయల్ కరీబియన్ గ్రూపులో 2012 మార్చి ఆఖర్లో అజమారా క్వెస్ట్ ఇంజన్ గదిలో మంట లేచింది, ఓడ మలేషియాలోని సండకాన్ చేరింది. 2013 మేలో గ్రాండర్ ఆఫ్ ద సీస్‌లో మంట లేస్తే బహామాస్‌లోని ఫ్రీపోర్ట్‌కి తీసుకెళ్లి, అక్కణ్ణుంచి విమానాల్లో ఇళ్లకి పంపారు. రెండింట్లోనూ రీఫండ్, ఇంకో క్రూజ్ సర్టిఫికెట్.

చూశారుగా, ఓడ పూర్తిగా ఆగిపోయినా, మంట లేచి ట్రిప్పు మధ్యలో ముగిసినా అందరి ప్యాకేజీ దాదాపు ఒకటే. ఇక్కడ కంపెనీ చూసి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

తేడా కనిపించేది ఓడ కుంటుతూ నడిచినప్పుడు. మనకి ఎదురయ్యే అవకాశం ఎక్కువున్నదీ అదే. అందుకే నేను దీని దగ్గరే ఆగాను.

2006 జనవరిలో కునార్డ్ వాళ్ల క్వీన్ మేరీ 2 ఫ్లోరిడాలో రేవు దాటుతూ కాలువ అంచుకి తగిలింది. ఓడని నడిపే నాలుగు పాడ్లలో (ఓడ అడుగున ప్రొపెల్లర్ ఉండే యూనిట్లు) ఒకటి పోయింది. అయినా ప్రయాణం సాగించారు. వేగం సరిపోక సెయింట్ కిట్స్, బార్బడోస్, సాల్వడోర్ మూడూ ఎత్తేసి తిన్నగా రియోకి పట్టుకెళ్లారు. మొదట సగం డబ్బు ఇస్తామన్నారు. రియోలో ఓడ దిగేది లేదు, ఇక్కడే బైఠాయిస్తామని ప్రయాణికులు తిరగబడ్డాక పూర్తి రీఫండ్‌కి ఒప్పుకున్నారు. అంత పేరున్న కంపెనీ, అంత ఖరీదైన టికెట్లు, అయినా అడిగితేగాని ఇవ్వలేదు.

ట్రయంఫ్ గొడవ జరిగిన మరుసటి నెలే కార్నివాల్ డ్రీమ్‌కి సెయింట్ మార్టెన్ రేవులో అత్యవసర జనరేటర్ పాడైంది. అందర్నీ విమానాల్లో ఇళ్లకి పంపారు, అది మంచి నిర్ణయమే. కానీ ఇచ్చింది మూడు రోజుల డబ్బు, ఇంకో క్రూజ్ మీద సగం తగ్గింపు. రేవులో నిలబడ్డ ఓడకి ఒక లెక్క, నడిసముద్రంలో కెమెరాలకి చిక్కిన ఓడకి ఇంకో లెక్క.

వీటి పక్కన సెలబ్రిటీ కంపెనీ ఓడ మిలీనియంని పెట్టి చూడండి. 2013 ఆగస్టులో అలాస్కాలో దాని పాడ్ మొరాయించింది. కుంటుకుంటూ వాంకూవర్ దాకా ఈడ్చుకెళ్లే ప్రయత్నం చెయ్యకుండా కెచికన్‌లో క్రూజ్ ఆపేశారు. విమానాల్లో పంపారు, మొత్తం డబ్బు వాపసు ఇచ్చారు, ఇంకో క్రూజ్‌కి సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ సీజన్‌లో మిగిలిన అలాస్కా ట్రిప్పులు రద్దు చేసి ఓడని రిపేరుకి పంపారు. సెలవు పాడైనవాళ్లు తిట్టుకునే ఉంటారు, కాదనను. నాకు మాత్రం ఇదే పద్ధతి నచ్చింది. "ఇక నడపం" అని కంపెనీయే ఒప్పుకుంటే మన డబ్బు మనకొస్తుంది. "నెమ్మదిగా వెళ్దాం" అంటే మనకొచ్చేది పోర్టు ఫీజు.

నార్వీజియన్ కంపెనీ వీటికి మధ్యస్థం. నార్వీజియన్ స్టార్ 2017 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా దగ్గర పూర్తిగా ఆగిపోయి, టగ్గులతో మెల్‌బోర్న్ చేరింది. రీఫండ్ ఇచ్చారు, ఇంకో క్రూజ్‌కి సగం క్రెడిట్ ఇచ్చారు. కానీ అంతకుముందు డిసెంబరులోనే దానికి అదే జబ్బు, అయినా నడుపుతూనే వచ్చారు. కోస్టా కంపెనీ సంగతి ఒక్క మాటలో: 2012లో నడిసముద్రంలో ఆగిపోయిన కోస్టా అల్లెగ్రాని సేషెల్స్ దాకా లాక్కొచ్చింది ఒక ఫ్రెంచి చేపల ఓడ.

"ప్రయాణికుల హక్కుల పత్రం ఉందిగా" అంటారు కొందరు. ఉంది. ట్రయంఫ్ తర్వాత, 2013 మేలో, క్రూజ్ కంపెనీల సంఘం పది హక్కులు ప్రకటించింది. యాంత్రిక లోపంతో ట్రిప్పు రద్దయితే పూర్తి రీఫండ్, మధ్యలో ముగిస్తే కొంత రీఫండ్, దిగాల్సిన రేవుకో సొంత ఊరికో చేర్చడం, అనుకోని ఊళ్లో రాత్రి ఉండాల్సి వస్తే బస. చదవడానికి బాగుంటుంది. ఊళ్లు ఎత్తేసి ఓడ నడుస్తూనే ఉంటే ఏమిస్తారో మాత్రం అందులో లేదు. టికెట్ కాంట్రాక్టులో ఉంటుంది: దారి మార్చుకునే హక్కు, ఊరు మానేసే హక్కు కంపెనీదే. కేసు వేద్దామంటే చాలా కంపెనీల కాంట్రాక్టు మయామీ కోర్టుకే రమ్మంటుంది. ఆ షరతు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే, కార్నివాల్ కేసులోనే చెప్పేసింది.

ఈ విషయంలో యూరప్‌లోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్లు అదృష్టవంతులు. అక్కడ క్రూజ్‌ని ప్యాకేజీ టూరు కింద లెక్కేస్తారు. చెప్పిన ఊరు చూపించకపోతే ధర తగ్గించమని అడగొచ్చు, అది కంపెనీ తప్పు కాకపోయినా సరే. (ఫెర్రీ ఆలస్యమైతే టికెట్‌లో పావలావంతో సగమో ఇచ్చే యూరప్ రూలు వేరే ఉంది, అది క్రూజ్‌కి వర్తించదు. ఈ రెండూ కలిపేసి కంపెనీకి మెయిల్ పెట్టకండి.) చెన్నై నుంచో విశాఖ నుంచో కార్డీలియా అనే మన దేశపు క్రూజ్ ఎక్కేవాళ్లకి ఇంకో సుళువుంది: 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు.

కంపెనీతో పాటు ఓడ వయసు కూడా చూడండి. 2010 జులై నుంచి నిర్మాణం మొదలైన పెద్ద ఓడలకి, ఒకచోట మంట లేచినా సొంతంగా రేవు చేరగలగాలన్న అంతర్జాతీయ నియమం ఉంది. ట్రయంఫ్ 1999 నాటిది. అలాగని కొత్తది కదా అని ధీమా పడక్కర్లేదు, వైకింగ్ స్కై 2017లో వచ్చిన ఓడే.

ఈసారి అమ్మానాన్నలకి సెలబ్రిటీలో తీసుకున్నాను. టికెట్ కాస్త ఎక్కువైంది. యాంత్రిక లోపాల్ని కవర్ చేసే ఇన్సూరెన్స్ కూడా విడిగా తీసుకున్నాను, కంపెనీ అంటగట్టేది కాకుండా.

హెచ్1బీ వాళ్లకి ఒక మాట. స్టాంపింగ్ (పాస్‌పోర్టులోని వీసా) గడువు అయిపోయినా, గడువున్న ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉంటే, మెక్సికోకో కెనడాకో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి రావచ్చన్న వెసులుబాటు ఉంది కదా, దాన్ని నమ్ముకుని మెక్సికోలోని కొసుమెల్ ట్రిప్పు బుక్ చేస్తుంటారు. కరీబియన్ దీవులకి, బహామాస్‌కి హెచ్1బీ వాళ్ల విషయంలో అది వర్తించదు. ఓడ చెడిపోయి గ్రాండర్‌లాగా బహామాస్‌లో దింపేసి, "ఇక్కణ్ణుంచి విమానం" అన్నారనుకోండి, ఆ విమానం మిగతావాళ్లకే. మీరు స్టాంపింగ్ చేయించుకున్నాకే బుక్ చేయండి.