సర్జరీ వాయిదా వేసి చేతికిచ్చిన సీప్యాప్ మెషిన్ - నా రివ్యూ

సీప్యాప్ అంటే స్లీప్ ఆప్నియాకి, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోతుండే జబ్బుకి, రాత్రిళ్ళు మాస్క్‌తో గాలి పంపే మెషిన్. ముందే చెప్పేస్తా, మెషిన్‌కి నాలుగు స్టార్లు, మాస్క్‌కి మూడు, ఇంటికొచ్చి సెట్ చేసి వెళ్ళిన టెక్నీషియన్‌కి ఐదు, సర్జరీ క్యాన్సిల్ అని ఫోన్ చేసిన హాస్పిటల్ వాళ్ళకి ఒకటి, అదీ సున్నా ఇవ్వడం కుదరదు కాబట్టి. హాస్పిటల్ పేరు రాయను, అడగొద్దు.

సంగతేంటంటే బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీకి, అదే పొట్టలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్‌కి, డేట్ ఇచ్చారు, ఆఫీసులో లీవ్ శాంక్షన్ అయింది, ఆపరేషన్‌కి ముందు లివర్ చిన్నదవ్వాలని పెట్టే డైట్ కూడా మొదలుపెట్టేశా. లివర్ ఎడమ వైపు భాగం పొట్ట మీదకి వచ్చి ఉంటది కదా, కొవ్వు పట్టి ఉబ్బి ఉంటే సర్జన్‌కి అడ్డం, అందుకని మామూలుగా రెండు వారాలు కార్బ్స్ బాగా తగ్గించి తక్కువ క్యాలరీలతో ఉంచుతారు. ఆకలితో చిరాకుగా ఉన్న ఆ టైంలో కోఆర్డినేటర్ ఫోన్ చేసి "మేడమ్, మీ స్లీప్ టెస్ట్ రిపోర్ట్ చూసి అనస్థీషియా డాక్టర్ గారు ఒప్పుకోలేదు, డేట్ క్యాన్సిల్, మళ్ళీ చెప్తాం" అని పెట్టేసింది. ఎన్నాళ్ళు, ఎందుకు, ఇప్పుడు ఆ డైట్ కంటిన్యూ చెయ్యాలా ఆపాలా, ఒక్కటీ చెప్పలేదు. తిరిగి చేస్తే లంచ్ టైం అన్నారు.

వాయిదా వెయ్యడం తప్పనట్లేదు నేను, రిపోర్ట్ చదివాక నేనైనా వాయిదానే వేసేదాన్ని. ఏహెచ్ఐ అని ఒక నంబర్ ఉంటది, నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిపోతుందో లేదా బాగా తగ్గిపోతుందో, ఒక్కోటి కనీసం పది సెకన్లు, దాని లెక్క. 5 లోపు ఉంటే నార్మల్, 15 దాకా మైల్డ్, 30 దాకా మోడరేట్, ఆపైన సివియర్. నాది 40 దాటింది. అంటే నిమిషంన్నరకి ఒకసారి గొంతు మూసుకుపోతోందన్నమాట, మనకేమో తెల్లారితే ఏమీ గుర్తుండదు. ఇలాంటి మనిషికి మత్తిచ్చి, తర్వాత మార్ఫిన్ టైపు నొప్పి మందులిస్తే గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయి, ఆక్సిజన్ పడిపోతుంటే మెదడు లేపాల్సినంత గట్టిగా లేపదు. అందుకే ముందు సీప్యాప్ అలవాటు చేసుకుని రండి, అప్పుడు చేస్తాం అంటారు. న్యాయమే.

నా గొడవల్లా వేరే. స్టాప్-బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నల ఫారం ఉంటది, గురక పెడతారా, పగలు అలసటా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, తర్వాత బీఎంఐ, వయసు, మెడ చుట్టుకొలత, ఆడా మగా, అంతే. టేప్ ఒకటుంటే రెండు నిమిషాల పని. మొదటి కన్సల్టేషన్ రోజే అది చేసుంటే నాకు డేట్ ఇచ్చేలోపే మెషిన్ అలవాటైపోయేది. వీళ్ళు బ్లడ్ టెస్టులూ ఎండోస్కోపీ అన్నీ చేయించి డేట్ ఇచ్చేసి చివర్లో స్లీప్ టెస్ట్ పెట్టారు. మీరెవరైనా ఈ సర్జరీకి వెళ్తుంటే డేట్ తీసుకునే ముందే అడగండి, ఏయే రిపోర్ట్ బాలేకపోతే ఆపేస్తారు అని. షుగర్ కంట్రోల్‌లో లేకపోతే ఆపుతారు, పొట్టలో హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటే చాలామంది సర్జన్లు ముందు కోర్సు వాడమంటారు, అది తగ్గిందో లేదో టెస్ట్ చెయ్యాలంటే యాంటీబయాటిక్స్ అయ్యాక ఇంకో నాలుగు వారాలు ఆగాలి, సిగరెట్ మానకపోతే ఆపుతారు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి నడిపించుకోవచ్చు, మనం అడిగితే.

డైట్ సంగతి డైటీషియన్‌కి నేనే మెసేజ్ పెట్టి కనుక్కున్నా. ఆపెయ్యండి, అది నెలల తరబడి ఉండేది కాదు, ప్రోటీన్ ఎక్కువుండేలా మామూలు భోజనానికి వచ్చేయండి, కొత్త డేట్ వచ్చాక రెండు వారాల ముందు మళ్ళీ మొదలుపెడదాం అంది. పాపం ఆవిడ మాత్రం బాగా చెప్పింది, ఫోన్ చేసేది ఆవిడే అయ్యుంటే ఇంకో రెండు స్టార్లు ఇచ్చేదాన్ని.

ఇక మెషిన్. ఆటో సీప్యాప్ ఇచ్చారు, మంచం పక్కన అలారం క్లాక్‌లా కూర్చుంటుంది, వెనకాల ఒక పైపు, ఆ చివర మాస్క్. ఇది ఆక్సిజన్ ఇచ్చే మెషిన్ కాదు, చాలామంది అలాగే అనుకుంటారు, మా అత్తగారైతే చూసి కంగారుపడిపోయారు కూడా. మామూలు గాలినే ప్రెజర్‌తో పంపి గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. ప్రెజర్ 4 నుంచి 20 దాకా సెట్ చేసుకోవచ్చు, ఆటోది కాబట్టి అవసరాన్ని బట్టి అదే పెంచుతుంది తగ్గిస్తుంది. దీన్ని కనిపెట్టింది ఆస్ట్రేలియాలో కొలిన్ సలివన్ అనే డాక్టర్, 1981లో, వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్‌ని తిరగేసి వాడాడట. అంతకుముందు సివియర్ కేసులకి గొంతుకి రంధ్రం పెట్టడమే గతి. ఇది చదివాక మాస్క్ మీద కోపం సగం తగ్గింది నాకు.

సౌండ్ దాదాపు లేదు. స్టార్టింగ్‌లో ర్యాంప్ అని ఉంటది, తక్కువ ప్రెజర్‌తో మొదలై మెల్లగా పెరుగుతుంది, అది ఆన్ చేసుకోండి. ఊపిరి వదిలేటప్పుడు గాలి ఎదురు తగిలినట్టుంటే దానికీ ఒక సెట్టింగ్ ఉంది, వదిలేటప్పుడు ప్రెజర్ కొంచెం తగ్గిస్తుంది. ఈ రెండూ లేకపోతే నేను మొదటి వారమే మెషిన్ పెట్టెలో పెట్టి పంపేసేదాన్ని.

అసలు కష్టమంతా మాస్క్ దగ్గరే. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రం ఆనే చిన్నది ఇచ్చారు ముందు, తేలిగ్గా ఉంది కానీ నిద్రలో నోరు తెరుచుకుంటే గాలంతా నోట్లోంచి పోయి పొద్దున్నకి నాలుక అట్టకట్టుకుపోయేది. తర్వాత ముక్కూ నోరూ రెండూ కప్పేది ఇచ్చారు. దాంతో ఇంకో తంటా, అర్ధరాత్రి పక్కకి తిరగగానే కళ్ళలోకి గాలి కొట్టడం, చెంప దగ్గర బుర్రుమని సౌండ్, నేనేమో పట్టీలు బిగించడం, ఇంకా లీక్ అవ్వడం. టెక్నీషియన్ అబ్బాయి వచ్చి చూసి "బిగిస్తే ఆగదు మేడమ్, కుషన్ నలిగిపోయి ఇంకా లీకవుద్ది, కూర్చుని కాదు పడుకుని పెట్టుకోండి, గాలి వస్తున్నప్పుడు పట్టుకుని మెల్లగా కొంచెం పైకి లేపి వదలండి" అన్నాడు. అలా లేపి వదిలితే సిలికాన్ అంచు గాలికి ఉబ్బి మొహానికి దానంతటదే సర్దుకుంటుంది. మాన్యువల్‌లో దీని గురించి ఒక్క లైన్, అదీ చివర్లో ఎక్కడో. ఇంకోటి, రాత్రి మొహానికి క్రీమ్ రాసుకుని పడుకోవద్దు, జారిపోద్ది. పొద్దున్నే కుషన్‌ని సబ్బు నీళ్ళతో కడగాలి, బద్ధకిస్తే మళ్ళీ జిడ్డు, మళ్ళీ లీక్.

తేమ కోసం కింద చిన్న నీళ్ళ ట్యాంక్ ఉంటది, అందులో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, కొళాయి నీళ్ళు పోస్తే తెల్లగా పొరలు కడుతుంది. ఓజోన్‌తో క్లీన్ చేసే డబ్బాలు కూడా అమ్ముతారు, వద్దు, 2020లో మందులూ మెడికల్ పరికరాలూ చూసే అమెరికా ఎఫ్‌డీఏ వాటి గురించి హెచ్చరించింది కూడా, సబ్బు చాలు. సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనాలనుకుంటే 2021 జూన్‌లో ఫిలిప్స్ రీకాల్ చేసిన మోడల్స్‌లో ఉందేమో చూసుకోండి, వాటిలో సౌండ్ తగ్గించే ఫోమ్ పొడిపొడి అయ్యి గాలి దారిలోకి వచ్చే ప్రమాదం ఉందనే రీకాల్ చేశారు.

ఒక సైడ్ ఎఫెక్ట్ ఎవరూ చెప్పలేదు, గాలి పొట్టలోకి పోవడం. పొద్దున లేచేసరికి పొట్ట ఉబ్బరం, తేన్పులు. రేపు పొట్ట కోసి కుట్టాక కూడా ఇదే గాలి పోతే కుట్లు ఊడతాయేమో అని నాకు పెద్ద భయం పట్టుకుంది, సర్జన్ గారినే అడిగా. సర్జరీ తర్వాత సీప్యాప్ వాడినవాళ్ళలో కుట్ల దగ్గర లీకులు పెరిగినట్టు స్టడీల్లో కనపడలేదమ్మా, వాడకపోతేనే ప్రమాదం అన్నారు. పై లిమిట్ ప్రెజర్ కొంచెం తగ్గించాక నాకు ఉబ్బరం కూడా చాలావరకు పోయింది.

ఫలితం మాట చెప్పాలి కదా. మొదటిసారి రాత్రంతా మాస్క్‌తో పడుకున్నప్పుడు మా ఆయన లేచి కూర్చుని "గురక వినపడకపోతే నాకు భయమేసింది, ఊపిరి తీస్తున్నావో లేదో అని లైటేసి చూశా" అన్నాడు. పొద్దున తలనొప్పి పోయింది. రాత్రిళ్ళు బాత్రూమ్‌కి లేవడం బాగా తగ్గింది, దానికీ దీనికీ సంబంధం ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. మధ్యాహ్నం మీటింగ్‌లో కళ్ళు మూతలు పడట్లేదు. యాప్‌లో రోజూ ఏహెచ్ఐ చూపిస్తుంది, ఇప్పుడు 5 లోపే ఉంటోంది. ఎంతసేపు పెట్టుకున్నామో కూడా రికార్డ్ అవుతుంది, రాత్రికి నాలుగు గంటలు, నెలలో డెబ్బై శాతం రాత్రులు అని అమెరికాలో ఇన్సూరెన్స్ వాళ్ళు పెట్టిన రూల్‌నే మా క్లినిక్ కూడా చూసింది, కానీ నాలుగు గంటలకి తీసి పక్కన పడెయ్యకండి, తెల్లవారుజాము నిద్రలోనే చాలామందికి ఎక్కువగా ఆగుతుంది.

బరువు మాత్రం దీనివల్ల తగ్గదు. తగ్గుతుందని అమ్మేవాడు చెప్తే నమ్మొద్దు, ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే కొంచెం పెరిగినట్టే తేలింది. బరువు తగ్గితే ఆప్నియా తగ్గుతుంది, అది నిజం. అలాగని సర్జరీ అయిన నెలకే మెషిన్ అటకెక్కించకూడదు, మళ్ళీ స్లీప్ టెస్ట్ చేసి డాక్టర్ సరే అన్నాకే ఆపాలి.

ఈ వాయిదా టైంలో నాకు అన్నిటికన్నా విసుగు తెప్పించింది జనం. ఏంటి ఇంకా అవ్వలేదా, భయపడ్డావా, పోనీలే వాకింగ్ చెయ్యి అదే తగ్గుద్ది అని ప్రతివాళ్ళూ. అందరికీ స్లీప్ ఆప్నియా గురించి క్లాస్ పీకే ఓపిక లేక "డేట్ మారింది" అని రెండు ముక్కల్లో తేల్చేయడం మొదలుపెట్టా, హాయిగా ఉంది. లీవ్ విషయం మాత్రం హెచ్ఆర్‌కి వెంటనే రాతపూర్వకంగా చెప్పండి, హాస్పిటల్ నుంచి వాయిదా లెటర్ అడిగి తీసుకోండి, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు.

కొత్త డేట్ వచ్చింది. ఈసారి ఫోన్ చేసింది డైటీషియనే, మెషిన్, మాస్క్ రెండూ హాస్పిటల్‌కి తెచ్చుకోండి, పేరు రాసి అంటించండి, రికవరీలో అదే పెడతారు అంది. అయినా మొదటి ఫోన్ మర్చిపోలేను, స్టార్ల విషయంలో ఏమీ మార్చట్లేదు. మాస్క్‌కి మూడే ఎందుకంటే కుషన్ అప్పుడే మెత్తబడి లీక్ మొదలైంది, అది అరిగే సామాను కాబట్టి వారంటీలోకి రాదట, సర్జరీ లోపు కొత్తది తెప్పించాలి.